గొలుసుకి అంగుళం దూరం

సంచి పార్సిల్లో వచ్చింది.
అట్టపెట్టె తెరవగానే గదంతా కొత్త చెప్పుల వాసన.
మూడు పట్టీలు, రెండు ఇత్తడి బకిల్సు.
ఏ పట్టీ దేనికో చెప్పే కాగితం మాత్రం లేదు.

ఏటుకూరు రోడ్డులో జిలానీ
నా బుల్లెట్ చుట్టూ రెండుసార్లు తిరిగి
నూనె చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.
"ఇంజను విప్పమను, విప్పుతా.
తోలు నా మాట వినదన్నా.
అదిగో, ఆ గొడుగు కింద అడుగు."

గొడుగు కింద సువార్తమ్మ.
ముందొక మూడుకాళ్ళ ఇనపదిమ్మ,
మైనం ముద్ద, ఆరె, రంపె.
అరచేతిలో దారం కోసిన గీత ఒకటి,
జాతకాలవాళ్ళు చదవలేనిది.

సంచి అంచు వంచింది, గోటితో గీరింది,
ముక్కు దగ్గర పెట్టుకుంది.
"గేదెదే. పదును బానే పట్టింది.
కుట్టే మిషను కుట్టు.
ఎక్కడికో పోవాల్సినంత తొందర ఆ మిషనుకి."

ఒక పట్టీ ఛాసిస్‌కి, ఇంకోటి స్వింగార్మ్‌కి
నేనే కట్టి తెచ్చాను, కాస్త గర్వంగా.
"ఎక్కి కూచో. లే. మళ్ళీ కూచో."
షాకబ్జార్వర్లు ఊపిరి పీల్చి వదిలాయి.
"కదిలేదాన్నీ కదలందాన్నీ కలిపి కట్టావు గదయ్యా.
నల్లపాడు దాటదు నీ సంచి.
మూడూ కదిలేదానికే కట్టాలి."
గొప్ప మాటేదో విన్నట్టు తలూపాను.
"ఆ స్పానర్ ఇటియ్యి" అంది.

ఒక పక్క సైలెన్సర్, తోలుని అప్పడం చేసేది.
ఇంకో పక్క గొలుసు, చక్రం పళ్ళు.
పళ్ళవైపే నయమంది.
గొలుసుకీ సంచికీ మధ్య
బొటనవేలు అడ్డంగా పెట్టి కొలిచింది. అంగుళం.
పాత ట్యూబు ముక్క కోసి పట్టీ కింద మెత్త వేసింది
ఇనుము తోలుని కొరక్కుండా.

యార్డు మీంచి గాలి ఇటు మళ్ళింది.
వరసగా తుమ్మాం, నేనూ జిలానీ టీ కుర్రాడూ.
ఆవిడ తుమ్మలేదు.
ఆరె బెజ్జంలో ఉంది.

"ఇప్పుడు బరువు కావాల."
జిలానీ ఇసక బస్తా చూపించాడు.
"బస్తాకి చెవులుంటయ్యా? నేనెక్కుతా."
ఇరవై ఏళ్ళు బళ్ళ పక్కన కూచున్న మనిషి
బండెక్కడం అదే మొదలట.
కుచ్చిళ్ళు బిగించి, అటొక కాలు ఇటొక కాలు.
"గుంటలున్న దారి చూసి పోనియ్యి."
గుంటూరులో ఎవరైనా తీర్చగలిగే కోరిక అది.

మూడు వంతెనల కింద
ఇంజను చప్పుడు గోడలకి కొట్టుకుని రెండింతలైంది.
నా వీపు వెనక ఆవిడ కిందికి ఒరిగింది.
"ఆపు. నాకుతోంది."
నాకేం వినపడలేదు.
దిగి చూస్తే సంచి వీపు మీద
వెంట్రుకంత నల్ల గీత.
అక్కడే, లారీల హారన్ల మధ్య,
పై పట్టీకి ఇంకో బెజ్జం పడింది.

రెండొందలిస్తే యాభై తిరిగిచ్చింది.
కోయగా మిగిలిన పట్టీ ముక్క,
మైనం పట్టించిన మూరెడు దారం
సంచిలో పడేసి బకిల్ పెట్టింది.
"తెగితే చీకట్లోనే తెగుద్ది.
అప్పటికి నేను ఇంట్లో పడుకునుంటా."

సంచి రెండు వానాకాలాలు చూసింది.
ప్రత్తిపాడు, పెదనందిపాడు, కాకుమాను,
కల్లాల మిర్చి శాంపిళ్ళు అందులోనే తెస్తాను.
తోలు వాసన ఎప్పుడో ఓడిపోయింది.
దారం చుట్ట అడుగున అట్టాగే ఉంది, ఎర్రబడి.

గతుకొచ్చినప్పుడల్లా ఒక చెవి కిందికి వంచుతాను.
ఇప్పటికీ ఏం వినపడదు.
అప్పుడప్పుడు బండాపి
సంచికీ గొలుసుకీ మధ్య వేలు పెట్టి చూస్తాను.
నా బొటనవేలు ఆవిడదానికంటే సన్నం.
కొంచెం కలుపుకుంటాను.